నోట నిప్పున్న భూతాలు: వధ, వసతి

నిప్పులు కక్కే భూతం అనగానే నేటి చదువరికి మొదట తోచేది పడమటి డ్రాగన్. హోమర్ ఇలియడ్‌లోని కిమేరా, బేవుల్ఫ్ కావ్యంలో నిధిని కాచే సర్పం, 1937లో వెలువడిన టోల్కీన్ నవల ‘ది హాబిట్’లోని స్మాగ్ - అన్నిటిదీ ఒకటే ముగింపు. వాటిని చంపుతారు. తెలుగువారు చెప్పుకొన్న అగ్నిముఖాల కథలు చాలావరకు ఇలా ముగియవు. ఆ తేడాను చూపడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ముందు మాటను పరిశీలిద్దాం. చీకటివేళ బీళ్లలో, చిత్తడి నేలల్లో మిణుకుమని కదిలే వెలుగును మన పల్లెల్లో కొరివి దయ్యం అన్నారు. తమిళంలో ఇది ‘కొళ్ళివాయ్ పేయ్’, అంటే కొరివినోటి దయ్యం. కన్నడంలో ‘కొళ్ళి దెవ్వ’. స్వధర్మం తప్పిన విప్రుడు ‘ఉల్కాముఖ’ ప్రేతమవుతాడని మనుస్మృతి పన్నెండో అధ్యాయం చెబుతుంది. దానికీ కొరివినోరనే అర్థం. కొరివి అంటే కాలుతున్న కట్టె. చితికి నిప్పుపెట్టడాన్ని ‘తలకొరివి’ అంటాం. అంత్యక్రియకూ దయ్యానికీ ఒకే మాట ఉండటం యాదృచ్ఛికం కాదని మా అభిప్రాయం. పడమటి డ్రాగన్ బయటి శత్రువు. కొరివి దయ్యం మన మధ్య బతికి పోయిన మనిషి. చచ్చినవాణ్ణి మళ్లీ చంపలేం, సాగనంపాలి.

పురాణాల్లోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. మహాభారతం ఆదిపర్వంలో కృతవీర్యుడి వంశపు క్షత్రియులు భార్గవులను గర్భస్థ శిశువులతో సహా సంహరిస్తారు. తల్లి తొడలో దాగి బతికిన ఔర్వుడు లోకాలనే కాల్చబూనుతాడు. పితృదేవతలు వారిస్తే ఆ కోపాగ్నిని సముద్రంలో విడుస్తాడు. అది గుర్రపు తలగా మారి, నోట మంటలు కక్కుతూ నీటిని తాగుతుంటుంది. అదే బడబాగ్ని. అన్యాయం వల్ల పుట్టిన నిప్పును ఆర్పలేదు. దానికొక చోటు చూపారు.

భాగవతం దశమస్కంధంలో కాళియుడి ముఖాన్ని మూలకారుడు కొరివితోనే పోల్చాడు. పోతన తెనుగుచేసిన ఈ కథలో కృష్ణుడు కాళియుణ్ణి చంపడు. యమునను విడిచి సముద్రానికి పొమ్మంటాడు. అపవాదం లేకపోలేదు: దావాగ్నిలా ఊపిరి విడిచే అఘాసురుడు వధ్యుడే. అయితే అతడి తేజస్సు కూడా కృష్ణుడిలోనే కలిసింది.

1954 నాటి జపాను చిత్రం ‘గోజిరా’లోని భూతాన్ని లేపినవి బాంబు పరీక్షలు. ఔర్వుడి కోపంలాగే అదీ మనుషుల హింసకు ఫలితం. కాని ఆ కథ వధతోనే ముగిసింది.

ఈ పరిశీలన క్షేత్రసేకరణకు కూడా అవసరం. ఒడిశాలోని కాశీపూర్, రాయగడ ప్రాంతాల్లో తెలుగు, ఒడియా, కుయి, కువి భాషలు ఇరుగుపొరుగున ఉన్నాయి. వీటిలో కుయి, కువి తెలుగుతోపాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవి. అక్కడికి వెళ్లే విద్యార్థి ‘మీకు డ్రాగన్ కథ ఉందా?’ అని అడిగితే లేదనే జవాబు వస్తుంది. ఉన్న కథ నమోదు కాకుండానే పోతుంది. ‘నోట నిప్పున్నది ఏది? అది ఎవరి కోపం? చివరికి దాన్ని ఎక్కడ ఉంచారు?’ అని అడగడం మేలు. మన కథల్లో అసలు విషయం ఆ మూడో ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఉంటుంది.