బండి వెంట పొయ్యి

2027 మాఘమాసంలో సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర మళ్ళీ వస్తోంది. రెండేళ్ళకోసారి వచ్చే ఐదు రోజుల జాతర ఇది. పోయినసారి 2025 ఫిబ్రవరి 16 నుంచి 20 దాకా జరిగింది. ఆ రోజుల్లో విజయవాడ రహదారి మీది వాహనాలను నార్కట్‌పల్లి దగ్గర తిప్పి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపుతారు. గరిడేపల్లి ఆ దారిలోనే ఉంది. ఒక పక్క మళ్ళిన కార్లు, మరో పక్క గట్టుకు బయల్దేరిన ట్రాక్టర్లు. ట్రాలీలో బియ్యం మూట, బగోన్లు, యాటపోతు, పిల్లలు, ఒక పొయ్యి. ఏ పొయ్యి తీసుకుపోవాలన్నది ప్రతి ఇంట్లోనూ ముందు తేలాల్సిన సంగతే. ఈ మధ్య కారునే ఇల్లుగా చేసుకుని తిరిగే కుర్రకారుకూ అదే ప్రశ్న ఎదురవుతోంది.

ఈ నేలలో దారి పొయ్యికి చరిత్ర రాయబోతే మొదటి వెయ్యేళ్ళు చేతికి చిక్కవు. ఫణిగిరి గుట్ట మీది బౌద్ధ భిక్షువులు భిక్ష తెచ్చుకుని తిన్నవాళ్ళు, పొయ్యి మోసే పని వాళ్ళకు లేదు. పిల్లలమర్రిలో కాకతీయుల కాలంనాటి శాసనాలు గుడికిచ్చిన దానాలను చెబుతాయే గానీ, ఆ గుడికి నడిచొచ్చినవాడు చెట్టు కింద ఏం వండుకున్నాడో చెప్పవు. 17వ శతాబ్దంలో గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే బాట ఈ నల్లగొండ సీమ మీదుగానే సాగింది. ఆ కాలంలో దేశం తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పు ఎద్దుల మీద వేసుకుని పెళ్ళాం పిల్లలతో సహా నడిచే బిడారుల గురించి రాశాడు. ఏడాది పొడవునా బాట మీదే కాపురం చేసినవాళ్ళు వాళ్ళు. పొయ్యిని మోసుకు తిరగలేదు, దిగిన చోటల్లా కట్టుకున్నారు.

తెలుగువాడు స్వయంగా రాసిన ప్రయాణం కావాలంటే 1830 దాకా ఆగాలి. ఏనుగుల వీరాస్వామయ్య ఆ ఏడు మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, సుమారు వందమంది పరివారంతో హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా అన్న లెక్క కనిపిస్తుంది. వందమందికి అన్నం ఉడకాలంటే ముందు చూడాల్సింది అదే కదా!

ఇక నాకు ప్రాణమైన ఘట్టం దగ్గరికి వస్తాను. ట్రాక్టర్లు రాకముందు పెద్దగట్టు కింద ఎడ్లబండ్లు దిగిన రాత్రులు.

గరిడేపల్లి వైపు ఊళ్ళ నుంచి బండి కట్టుకుని పోయేవాళ్ళు సామాను బరువు చూసుకునేవాళ్ళు, కానీ పొయ్యి బరువు మాత్రం సున్నా. బండిలో ఉన్నది కట్టెలు. సాగర్ నీళ్ళు రాకముందు ఇది జొన్న, కంది, ఆముదం పండే మెట్ట. కందికట్టె చప్పున అంటుకుంటుంది, అంతే చప్పున అయిపోతుంది. తుమ్మ మొద్దు ఆలస్యంగా రాజుకుని, నిప్పు చాలాసేపు నిలుపుకుంటుంది. పిడక మెల్లగా కాలుతూ అన్నం ఉమ్మగిలడానికి పనికొస్తుంది. మూడూ కొద్దికొద్దిగా వేసుకున్న ఇల్లాలికి ఏ వంటకు ఏ మంట కావాలో ఇంటి దగ్గరే తెలుసు. ఇవాళ మనం సిమ్ అనీ హై అనీ తిప్పే మీట ఆమెకు కట్టెల మోపులోనే ఉండేది.

దిగిన చోట మూడు రాళ్ళు వెతకడం పిల్లల పని. వాగులోంచి తెచ్చిన తడి రాయి పనికిరాదు, వేడెక్కితే చిట్లిపోతుంది. ఎండలో పడున్న నల్లరాయి కావాలి. గాలి వచ్చే దిక్కుకు బండినో గోనెపట్టానో అడ్డం పెట్టాలి. పొయ్యి నోరు సూటిగా గాలికి ఎదురుంటే మంట అవతలికి ఎగదన్నుతుంది, గిన్నె కింద నిలవదు. “పొయ్యి నోరు బండి దిక్కు పెట్టకు బిడ్డా, గడ్డి ఉన్నది” అన్న హెచ్చరిక ముసలమ్మల నోట ఎప్పుడూ ఉండేది. ఎడ్ల కోసం తెచ్చిన గడ్డి, దాని మీద పరిచిన బొంతలు, బొంతల మీద నిద్రపోయే పిల్లలు. ఒక్క నిప్పురవ్వ చాలు. బగోనకు బయట తడిమట్టి పూసేవాళ్ళు. మసి ఆ మట్టికే పట్టి, తెల్లారి ఒక్క చెంబు నీళ్ళతో ఊడొచ్చేది. దూరప్రయాణంలో నీళ్ళు మిగుల్చుకునే ఈ ఉపాయం కనిపెట్టినవాళ్ళకు నా దండం.

స్వామికి నైవేద్యం వేరు, అదే గట్టు మీది దేవత చౌడమ్మకు కోసిన యాట వేరు. గిన్నెలు కలవకూడదు కనుక ఒక్కో బండి పక్కన రెండు పొయ్యిలు వెలిగేవి. భేరీలు, గజ్జెల లాగులు, “ఓ లింగా” అన్న కేకల నడుమ గట్టు చుట్టూ అన్ని పొయ్యిలూ ఒకేసారి రాజుకోవడం మా పెద్దవాళ్ళు చెబుతుంటే విన్నాను. వాళ్ళ గొంతులో సంతోషం విన్నాక, వంట అనేది ఇంటి లోపలి పని మాత్రమే అని ఎలా అనుకోగలం?

మోసుకుపోయే పంపు పొయ్యి స్వీడన్ నుంచి వచ్చింది. 1892లో స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ మసి పట్టని గ్యాసునూనె (కిరోసిన్) స్టౌ తయారుచేశాడు. అదే ప్రైమస్. ఇత్తడి బుడ్డిలో నూనె పోసి, పైన చిన్న గిన్నెలో స్పిరిట్ వెలిగించి బర్నరును కాచి, పంపు కొట్టాలి. పైకెక్కిన నూనె వేడి గొట్టంలో ఆవిరై సన్నని రంధ్రంలోంచి దూకి, గాలితో కలిసి నీలిమంటగా మండుతుంది. 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సేన్ వెంట ఉన్నది ఈ జాతి స్టౌనే. మన ఇళ్ళకొచ్చిన పంపు స్టౌ దాని వారసురాలే. రంధ్రం మూసుకుపోతే పొడవడానికి పిన్నులు కిరాణా కొట్లో అమ్మేవాళ్ళు. పేలిన స్టౌలు ఎందరో ఆడవాళ్ళ ప్రాణాలు తీశాయి. స్టౌ పేలిందని చెప్పి జరిపిన హత్యలూ ఉన్నాయి. అందుకే 1970ల చివర్లో ఇండియన్ ఆయిల్ పరిశోధకులు రూపొందించిన నూతన్ వత్తుల స్టౌ పెద్ద ఊరట. పంపూ లేదు, పేలుడూ లేదు.

ఇక్కడి నుంచి కథ ఒక వరుసలో నడవదు. 1967లో సాగర్ ఎడమ కాలువ వచ్చాక ఈ నేల వరి నేలయింది, మిర్యాలగూడ మిల్లులు ఊకను గుట్టలు పోశాయి. రేకు డబ్బాలో ఊక కూరి, నడుమ సీసా పెట్టి తీసి, ఆ బొరియలో మంట పెట్టే పొయ్యి వచ్చింది. అదే రోజుల్లో రేషన్ దుకాణం ముందు నీలిరంగు గ్యాసునూనె డబ్బాల వరుసలు. తర్వాత పేదిళ్ళకు గ్యాసు కనెక్షన్లిచ్చే పథకాలు వచ్చాయి: 1999లో దీపం, 2016లో ఉజ్జ్వల. 2013 నుంచి ఐదు కిలోల సిలిండర్ విడిగా అమ్మకానికి దొరుకుతోంది. ఇన్ని వచ్చినా జాతరలో మూడు రాళ్ళూ పోలేదు. ఒకే ట్రాలీ దగ్గర చాయ్ గ్యాసు మీద, యాటకూర కట్టెల మీద.

మరి ఏది కొనాలి? రెండు కిలోవాట్ల గ్యాసు పొయ్యి గంటకు సుమారు 160 గ్రాములు తాగుతుంది. ఆ లెక్కన ఐదు కిలోల సిలిండర్ ముప్పై గంటలు వస్తుంది. పెట్టెలాంటి చిన్న పొయ్యిలో పెట్టే 230 గ్రాముల బ్యూటేన్ డబ్బా గంటన్నరకే అయిపోతుంది. కారులో ఇద్దరు ముగ్గురు తిరిగితే అదే హాయి, మన మాఘమాసపు చలికి అది మొరాయించదు. సున్నా డిగ్రీల దగ్గర మాత్రం బ్యూటేన్ ఆవిరి కావడం మానేస్తుంది కనుక హిమాలయాలకు పనికిరాదు. దాని మీద పెద్ద బగోన పెట్టడం ప్రాణాంతకం. గిన్నె అడుగు డబ్బా మీదికి వస్తే వేడి కిందికి కొట్టి డబ్బా పేలుతుంది. ఇంటిల్లిపాదికీ వండాలంటే ఐదు కిలోల సిలిండర్, వెడల్పు కాళ్ళున్న ఇనుప పొయ్యి, గాలికి అడ్డం మూడు రేకులు. నా ఓటు దీనికే.

ఒక్క మాట మరిచిపోకండి. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలుపెట్టెలో చాటుగా తెచ్చిన సిలిండర్‌తో చాయ్ కాస్తుండగా మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే ట్రాలీ అడుగునా కారు నేల మీదా నిలుస్తుంది. ఎంత చలిగా ఉన్నా కారులో గానీ, టార్పాలిన్ కప్పిన ట్రాలీలో గానీ పొయ్యి వెలిగించకండి. బయల్దేరే ముందు రబ్బరు గొట్టం పగుళ్ళు చూసుకోండి, ఐదేళ్ళు దాటితే మార్చండి. కట్టెల పొయ్యి పెట్టినవాళ్ళు బండి కదిలేముందు బిందెడు నీళ్ళు పోసి, చేత్తో తాకి చల్లారిందో లేదో చూసి వెళ్ళండి.