ఎండ సరే, కప్పు సంగతేమిటి?

మన ఇళ్ళలో డాబా మీది ఎండకి ఎప్పుడూ గిరాకీయే. వేసవి వచ్చిందంటే వడియాలకో మూల, ఊరగాయ ముక్కలకో మూల, ఎండుమిరపకాయలకో మూల. మిగిలిన చోట పరుపులూ దిళ్ళూనూ. ఇంత రద్దీలో ఇప్పుడు కరెంటు కూడా వచ్చి "నాక్కాస్త చోటివ్వండి" అంటోంది. సోలారు పలకల ఖరీదెంత, సబ్సిడీ ఎంత, బిల్లు ఎంత తగ్గుతుంది - అందరూ ఇవే అడుగుతారు. వాటిని మోసే కప్పు మాట అడిగేవాళ్ళు అరుదు. చరిత్ర తిరగేస్తే మాత్రం, ఈ కథలో సగం పలకది, సగం కప్పుదీను.

కథ న్యూయార్కులో మొదలైంది. 1882లో ఎడిసన్ అక్కడి పెర్ల్ స్ట్రీట్‌లో బొగ్గు కాల్చి, కరెంటు తీసి, చుట్టుపక్కల ఇళ్ళకి అమ్మడం మొదలుపెట్టాడు. 1884లో అదే ఊళ్ళో చార్లెస్ ఫ్రిట్స్ అనే ఆయన సూర్యుడి పలకల్ని ఒక మేడకప్పు మీదికి ఎక్కించాడు. సెలీనియం పొర, దానిమీద పల్చటి బంగారు పూత! నూరు పాళ్ళ ఎండ పడితే కరెంటుగా మారేది ఒక్క పాలు. బంగారం పూసిన పలకని డాబా మీద వదిలి హాయిగా నిద్రపోగల గుండెదిటవు ఎంతమందికి ఉంటుంది చెప్పండి? బొగ్గే గెలిచింది.

కానీ సూర్యుడు కప్పు దిగిపోలేదు. 1891లో బాల్టిమోర్ వాసి క్లారెన్స్ కెంప్ నల్లరంగు పూసిన నీళ్ళ తొట్లని అద్దం మూత ఉన్న పెట్టెలో పెట్టి వేణ్ణీళ్ళ యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఎండ పుష్కలంగా ఉండే కాలిఫోర్నియాలో ఇళ్ళ కప్పులమీదికి అవి చకచకా ఎక్కాయి. తర్వాత చవగ్గా గ్యాసు దొరికాక అంత చకచకా దిగిపోయాయి కూడా.

అసలు మలుపు 1954లో. అమెరికాలో బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు ఛాపిన్, ఫుల్లర్, పియర్సన్ సిలికాన్‌తో చేసిన ఘటం నూటికి ఆరు పాళ్ళ ఎండని కరెంటు చేసింది. ఖరీదు మాత్రం మామూలు మనిషి అందుకోలేనిది. అందుకే అది మన ఇంటికప్పు ఎక్కకుండానే ఏకంగా ఆకాశమెక్కింది. 1958లో వెళ్ళిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహానికి రేడియో నడిపింది ఆ ఘటాలే. మన దేశంలో సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ వారు 1977లో తొలి సౌరఘటం, 1978లో తొలి పలక తయారుచేశారు.

ఇక కప్పు ప్రతాపం చూడండి. 1973లో చమురు ధరలు భగ్గుమన్నాక, 1979 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ తన శ్వేతభవనం మీద 32 పలకలు పెట్టించాడు. కరెంటుకి కాదు, వేణ్ణీళ్ళకి. ఇవి రేపు మ్యూజియం వస్తువైనా కావచ్చునని ఆయనే అన్నాడు. 1986లో, రీగన్ హయాంలో, కప్పు మరమ్మతు వచ్చింది. పలకలు దింపారు. మరమ్మతు అయింది, పలకలు మళ్ళీ ఎక్కలేదు! రాజకీయం ఉండనే ఉంది, కాదనను. కానీ సాకు చెప్పింది కప్పే. వాటిలో ఒకటి నిజంగానే మ్యూజియానికి చేరింది. ఆ భవనం మీద మళ్ళీ పలకలు వెలిసింది 2013-14లో, ఒబామా కాలంలో.

అంత పెద్ద ఇంటికే తప్పని తంటా మనకి తప్పుతుందా? పలకకి పాతికేళ్ళ హామీ ఇస్తారు. ఆ పాతికేళ్ళూ కప్పు నిలుస్తుందా అన్నదే మొదటి ప్రశ్న. కురిసే శ్లాబుకి ముందు మరమ్మతు, తర్వాతే పలక. శ్లాబు మీద కాళ్ళు నిలబెట్టడానికి రెండు దారులు: కాంక్రీటు దిమ్మల బరువు పెట్టడం, లేదా కన్నాలు తొలిచి బోల్టులు బిగించడం. దిమ్మలైతే ఆ బరువు శ్లాబు మోయాలి. కన్నాలైతే నీరు దిగకుండా పూడ్చాలి. విశాఖ వాళ్ళకి 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ గుర్తుండే ఉంటుంది. పలక కిందికి దూరిన గాలి దాన్ని గాలిపటంలా లేపేస్తుంది. సముద్రతీరంలో బిగింపు దగ్గర పిసినారితనం పనికిరాదు.

పెంకుటిల్లయితే పలక భారం పెంకులమీద వెయ్యకూడదు. పెంకు తీసి, కింది వాసానికి కొక్కెం బిగించి, మళ్ళీ పెంకు కప్పాలి. దక్షిణం వాలు దొరికితే అదృష్టం. ఇనపరేకుల కప్పయితే రేకుకి కాక, దాన్ని మోసే ఇనపపట్టీకి బిగించాలి. సిమెంటు రేకులు మాత్రం మనిషి కాలు పెడితేనే విరుగుతాయి. వాటిని మార్చాకే పలకల మాట.

ఒక కిలోవాటుకి సుమారు నూరు చదరపుటడుగుల జాగా కావాలి, అదీ నీడ లేనిది. పిట్టగోడ నీడ, నీళ్ళ టాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ - ఒక్క పలక మీద పడితే దాంతో కలిపిన వరసంతా నీరసిస్తుంది. డాబా మీద ఏ వేళకి నీడ ఎక్కడ పడుతుందో ఏళ్ళతరబడి వడియాలు పెట్టిన ఇంటి పెద్దావిడకి తెలిసినంత ఇంజనీరుకి తెలియదు. ముందు ఆవిణ్ణి అడగండి.

2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్ళ లెక్క పెట్టుకుంది. మూడు కిలోవాట్లు పెట్టుకుంటే కేంద్రం సాయం 78,000 రూపాయలు. కాకపోతే సొంత ఇల్లుండాలి, పలకలకి తగిన కప్పుండాలి. హైదరాబాదు అపార్టుమెంటులో నలభై కుటుంబాలకి కప్పు ఒక్కటే. లిఫ్టుకీ నీళ్ళ మోటారుకీ ఉమ్మడిగా పెట్టుకుంటే దానికీ సాయముంది. ముందు నలభైమందికీ ఏకాభిప్రాయం కుదరాలి, అంతే!

మరి తాటాకు కప్పు కింద ఉన్నవాడో? సిమెంటు రేకుల కింద మే నెలంతా ఉడికిపోయేవాడో? అద్దె వాటాలో ఉన్నవాడో? వాళ్ళమీద ఎండ తక్కువేం పడదు, నిజానికి కాస్త ఎక్కువే. 1884లో సూర్యుడి కరెంటుకి అడ్డు బంగారం. ఇవాళ పలక చవకయింది, అడ్డల్లా కప్పే. సూర్యుడికి పక్షపాతం లేదు. ఆయన్ని ఇంట్లోకి పిలవడానికి మంచి కప్పొకటి ఉండాలనే షరతు మనం పెట్టిందే. ఆ కప్పు లేనివాడి వాటా ఎండ ఎవరు లెక్క కడతారో, ఎలా అందిస్తారో - ఈ చరిత్రలో తర్వాతి పేజీ అదే.