మోటుపల్లి నుండి మచిలీపట్నము వరకు: ఓడ దారులు, సామ్రాజ్యము, సువార్త

పరిచయము

"మీ మతము కంపెనీ ఓడలలో వచ్చినదే కదా?" సిద్దిపేట జిల్లా అక్కన్నపేట పరిసర గ్రామములలో పరిచర్య చేయుచున్న మాకు ఈ ప్రశ్న తరచుగా ఎదురగుచుండును. సముద్రమునకు ఎంతో దూరముననున్న ఈ మెట్ట ప్రాంతములో ఓడల మాట రావడము వింతగా తోచవచ్చును. అయినను ఇది కోపపడక, తప్పించుకొనక, చరిత్రను చూచి జవాబు చెప్పవలసిన ప్రశ్న.

రాజు ఇచ్చిన అభయము

యూరోపు ఓడలు రాకమునుపే తెలుగు నేల ప్రపంచ వర్తకములో పాలుపొందినది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయ శాసనమే ఇందుకు సాక్ష్యము. తుపానుకు ఓడ దెబ్బతిని తీరమునకు కొట్టుకొనివచ్చినచో పూర్వపు రాజులు అందలి సరకును లాగుకొనెడివారు. తాను అట్లు చేయక, నిర్ణీత సుంకము మాత్రమే తీసికొందునని ఆయన సముద్ర వర్తకులకు మాట ఇచ్చెను. ఆ శతాబ్దపు చివరి భాగములో మార్కోపోలో ఈ ప్రాంతపు సన్నని నూలు వస్త్రములను, వజ్రములను ప్రశంసించెను. తెలంగాణ లోపలి భాగమునకు కూడ ఈ దారులతో సంబంధమున్నది. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రములో తయారైన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారు.

క్రైస్తవ విశ్వాసము కేరళ తీరమునకు చేరినది ఇట్టి వర్తక మార్గముల గుండానే. 849 నాటి కొల్లం తామ్ర శాసనములు అక్కడి సంఘమునకు స్థానిక పాలకుడిచ్చిన హక్కులను తెలుపుచున్నవి. ఆ సంఘము వెనుక ఏ విదేశీ సైన్యమును లేదు.

సుంకము కట్టినవాడే శిస్తు వసూలు చేసెను

1498లో వాస్కోడగామా కాలికట్టు చేరిన తరువాత పరిస్థితి మారెను. పోర్చుగీసువారు తమ అనుమతి పత్రము లేని ఓడలను పట్టుకొని, సముద్రము తమ సొత్తన్నట్లు ప్రవర్తించిరి. ఆంగ్లేయ కంపెనీ 1600లో, డచ్చి కంపెనీ 1602లో ఏర్పడినవి. మసాలా దీవులలో లవంగములు, జాజికాయలు కొనవలెనంటే కోరమాండల్ వస్త్రములు కావలెను. అందుకే డచ్చివారు 1606 నాటికి, ఆంగ్లేయులు 1611లో మన తీరమునకు వచ్చి మచిలీపట్నములో వర్తకము సాగించిరి. 1632లో గోల్కొండ సుల్తాను ఫర్మానా కొరకు ఆంగ్లేయులు విన్నపము చేసికొనవలసి వచ్చెను. అయితే 1759లో వారు మచిలీపట్నము కోటను ఫ్రెంచివారి నుండి ఆయుధబలముతో పట్టుకొనిరి. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాముతో ఒడంబడిక ద్వారా ఉత్తర సర్కారులు కంపెనీ వశమాయెను.

సరకుల పట్టికలో మనుష్యులు

17వ శతాబ్దములో డచ్చి కంపెనీ పులికాటు మొదలగు రేవుల నుండి వేలాదిమందిని బానిసలుగా బటావియాకు తరలించెను. కరవు కాలములో ఆకలికి తాళలేక పిల్లలను అమ్ముకొనిన తలిదండ్రులు ఉండిరి. ఆ ఓడలను పంపినవారు ప్రతి ఆదివారము ఆరాధనకు వెళ్లెడివారు. పాదిరీలకు జీతము కూడ కంపెనీయే ఇచ్చెడిది. ప్రకటన గ్రంథము 18వ అధ్యాయములోని వర్తకుల సరకుల పట్టిక బంగారముతో మొదలై మనుష్యుల ప్రాణములతో ముగియుట ఇక్కడ మనము జ్ఞాపకము చేసికొనవలెను.

మన జవాబు

మరి సువార్త కంపెనీ సరకా? కాదు. తన వర్తకమునకు భంగము కలుగునని ఆంగ్లేయ కంపెనీ మిషనరీలను అనుమానముతో చూచినది. అందుచేత విలియం కేరీ 1800లో డేనిష్ పాలనలోని శ్రీరాంపూరులో నిలిచెను. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ విశాఖపట్నము చేరి తెలుగు బైబిలు అనువాదమునకు పూనుకొనిరి. ఆనందరాయరు అను తెలుగు విశ్వాసి వారికి తోడ్పడెను. 1813 చార్టరు చట్టము తరువాతనే మిషనరీలకు దారి సుగమమాయెను.

అయినను కంపెనీ నీడ మనపై పడలేదనుట సత్యము కాదు. మిషనరీలు ఆ దారులలోనే ప్రయాణించిరి, ఆ పాలన క్రిందనే పని చేసిరి. కావున ఆ గ్రామస్థునికి మనము మొదట చెప్పవలసినది సమర్థన కాదు, ఒప్పుకోలు: "క్రైస్తవులమని చెప్పుకొనినవారు మనుష్యులను అమ్మిరి, అది పాపము." ఆ మాట చెప్పిన తరువాతనే మన తక్కిన సాక్ష్యము వినబడునని మేము నమ్ముచున్నాము.