పుట్టి కట్టిన చేతులు

మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు కట్టించింది కాకతి గణపతిదేవుడి సోదరి మైలాంబ. ఆ సంగతి శాసనంలో ఉంది. మరి చెరువుల్లో వల వేసినవాళ్ల పడవల సంగతి?

పడవంటే కలప, మేకులు, వడ్రంగి కూలి. చేపలు పట్టి బతికే ఇంట్లో అంత డబ్బెక్కడిది? అందుకే పుట్టి. వెదురు బద్దలను గంపలా అల్లి, పైన తోలు కప్పేవారు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే కృష్ణానదిని దాటింది ఎద్దుతోళ్లు కప్పిన ఇలాంటి బుట్టలోనే. తర్వాత తోలు బదులు తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి. చిరిగితే మనం బొంతకు వేసినట్టే అతుకు వేసుకోవచ్చు, కొత్తది కొనక్కర్లేదు.

కొల్లేరు వైపు తాటిమాను తొలిచి దోనె చేస్తారు. మా జనగామ వైపు తాళ్లకు కొదవ లేదు గానీ, కల్లిచ్చే చెట్టును ఎవరు నరుకుతారు చెప్పండి!

ఇప్పుడు మన చెరువుల మీద థర్మాకోల్ తెప్పలు కనిపిస్తున్నాయి. షీట్లు పేర్చి తాళ్లతో బిగిస్తారు. చవకే, తేలికే. కానీ అంచు విరిగితే నీళ్లలో పడేది ఇంటి మనిషి. లైఫ్ జాకెట్ దగ్గర పొదుపు మాత్రం నేను ఒప్పుకోను.