గడువు లేని తాళం

కిందటి సంవత్సరం మా పాఠశాలలో పదో తరగతి చదివిన ఒక విద్యార్థికి పుట్టుకతోనే చూపు లేదు. ఫోనులోని యంత్రస్వరం చదివి వినిపిస్తే పాఠాలు నేర్చుకునేవాడు. ఒకనాడు తరగతిలో నేను చెప్పిన కథ అతనికి నచ్చింది. "ఆ రచయిత కథలన్నీ వినాలని ఉంది సార్" అన్నాడు. ఆ సంపుటి ఈ-పుస్తకంగా దొరుకుతుందని తెలిసి డబ్బు కట్టి కొన్నాను. పుస్తకం తెరుచుకుంది. నా కంటికి కనిపించింది. అతని చెవికి మాత్రం వినిపించలేదు. వార్తాపత్రికను గడగడా చదివే స్వరం ఈ పుస్తకం దగ్గర మూగబోయింది. అమ్మినవారికి రాస్తే, రక్షణ ఏర్పాటు వల్ల అలా జరుగుతుందని రెండు ముక్కల్లో జవాబు వచ్చింది.

ఎవరి నుంచి ఎవరికి రక్షణ? ఈ ప్రశ్న నన్ను తాళం చరిత్రలోకి నడిపించింది.

ముందుగా ఆ తాళం స్వరూపం చూద్దాం. పుస్తకంలోని అక్షరాలను గణితసూత్రం ద్వారా గూఢలిపిగా మారుస్తారు. దాన్ని విప్పే చెవి కొన్నవాడి ఖాతాకో పరికరానికో ముడిపడి ఉంటుంది. పుస్తకం మన చేతిలో ఉన్నా అదుపు అమ్మకందారు చేతిలోనే ఉంటుంది. ఎన్ని పరికరాల్లో తెరవాలి, ఎన్ని పుటలు అచ్చు తీసుకోవాలి, పైకి చదివించుకోవచ్చునా కూడదా అన్నది ఆ ఏర్పాటే తేలుస్తుంది. దీనికి డిజిటల్ హక్కుల నిర్వహణ అని గంభీరమైన పేరు పెట్టారు.

ప్రతి తీయడాన్ని నేరంగా చూడడం సాహిత్య చరిత్రలో చాలా కొత్త సంగతి. తాటాకు కాలంలో ప్రతి తీయడమంటే పుస్తకాన్ని బతికించడమే. ఆకు పుచ్చిపోయేలోగా మరొకరు రాసుకుంటేనే గ్రంథం మిగిలేది. వేమన పద్యాలు ఏ ప్రభువు భాండాగారంలోనూ భద్రంగా కూర్చోలేదు. జనం నోళ్లలో, ఊరూరి తాటాకుల్లో తిరిగాయి. కనుకనే బ్రౌన్ వాటిని సేకరించి, పరిష్కరించి 1829లో అచ్చువేయించగలిగాడు. ఇందుకు భిన్నమైన ఉదాహరణ తాళ్లపాక సాహిత్యం. అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరిచారు. తాటాకు కంటే రాగి గట్టిదే. అయినా తరతరాలు ఆ రేకులు చీకటిగదిలో ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో వెలుగు చూసేనాటికి, 32 వేలని ప్రతీతి ఉన్న సంకీర్తనల్లో సగమైనా దొరకలేదు. రాగి రక్షించింది నిజమే. కాని చలామణీలో ఉన్న పద్యానికి దక్కిన ఆయుర్దాయం భద్రంగా దాచిన పాటకు దక్కలేదని ఒప్పుకోక తప్పదు.

అచ్చుయంత్రం వచ్చాక పరిస్థితి మారింది. ప్రతి తీయడం వ్యాపారమైంది. ఇంగ్లండులో 1557లో రాజశాసనం పొందిన స్టేషనర్ల కంపెనీ పుస్తక వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. ప్రభుత్వానికి నచ్చని పుస్తకాలను పట్టి ఇవ్వడం, తన సభ్యుల లాభాన్ని కాపాడుకోవడం, రెండూ ఒకే చేతితో చేసింది. రచయిత ఆ లెక్కలో లేడు. మిల్టన్ 1667లో తన మహాకావ్యానికి ముందుగా అందుకున్నది 5 పౌండ్లు. 1710లో వచ్చిన ఆన్ రాణి చట్టం తొలిసారిగా రచయితను హక్కుదారుగా గుర్తించింది. కొత్త పుస్తకానికి 14 సంవత్సరాలు, అప్పటికి రచయిత బతికి ఉంటే మరో 14 సంవత్సరాలు. తమ హక్కు శాశ్వతమని లండన్ ప్రచురణకర్తలు వాదిస్తూ వచ్చారు. 1774లో ప్రభువుల సభ ఆ వాదాన్ని తోసిపుచ్చింది.

ఇక్కడ మౌలికమైన విషయం ఒకటి గమనించాలి. కాపీహక్కు పొలం మీద పట్టా వంటిది కాదు. సమాజానికీ రచయితకూ కుదిరిన ఒప్పందం అది. కొంతకాలం రాబడి నీది, ఆ తర్వాత రచన అందరిదీ. గడువే ఆ ఒప్పందానికి ప్రాణం. మన 1957 చట్టం రచయిత మరణానంతరం 50 సంవత్సరాలు గడువు పెట్టింది. 1941లో మరణించిన రవీంద్రుని రచనలు జనం పరమయ్యే వేళకు, 1992 సవరణ దాన్ని 60కి పెంచింది. ఆ లెక్కన, 1983లో కన్నుమూసిన శ్రీశ్రీ తన జీవితకాలంలో అచ్చువేసుకున్న కవిత్వం 2044 జనవరి 1న అందరి సొత్తవుతుంది. గడువు పెరగవచ్చు, తరగవచ్చు. గడువంటూ ఒకటి ఉంది.

తాళానికి ఆ గడువు లేదు. చట్టం క్యాలెండరు చూస్తుంది, తాళం చూడదు. రచన అందరిదీ అయిన మర్నాడు కూడా గూఢలిపి తనంత తాను విడిపోదు. 1774లో ఓడిపోయిన శాశ్వతహక్కు, శాసనసభ గడప తొక్కకుండానే, యంత్రం రూపంలో తిరిగి వచ్చిందన్నమాట.

ఆ యంత్రానికి చట్టం కాపలా కూడా వచ్చింది. 1998లో అమెరికా చేసిన చట్టం తాళం విప్పడాన్నే, విప్పే సాధనాన్ని అమ్మడాన్నే నిషేధించింది. 2001 జులైలో లాస్ వెగాస్‌లో ఉపన్యసించడానికి వెళ్లిన రష్యన్ ప్రోగ్రామరు ద్మిత్రీ స్క్ల్యారోవ్‌ను, ఈ-పుస్తకాల తాళం తీసే సాధనం తయారుచేశాడని అరెస్టు చేశారు. 2002 డిసెంబరులో జ్యూరీ అతని కంపెనీని నిర్దోషిగా తేల్చింది. కాని భయం తన పని తాను చేసింది.

2009 ఇంకా చెప్పుకోదగ్గ సంవత్సరం. ఆ ఫిబ్రవరిలో అమెజాన్ కంపెనీ పైకి చదివి వినిపించే కిండిల్‌ను విడుదల చేసింది. అభ్యంతరం చెప్పింది ప్రభుత్వం కాదు, ఆథర్స్ గిల్డ్ అనే అమెరికా రచయితల సంఘం. వినిపించే హక్కు వేరే అమ్ముకోవలసిన సరుకని దాని వాదం. కంపెనీ లొంగి, స్వరాన్ని అణచే అధికారం హక్కుదారులకు ఇచ్చింది. మా విద్యార్థి ఫోను మూగబోవడానికి బీజం ఆ వాదంలోనే ఉంది. అదే జులైలో, హక్కు లేని సంస్థ అమ్మిందన్న కారణంతో, ఆర్వెల్ నవలలు రెంటిని పాఠకుల పరికరాల నుంచి ఆ కంపెనీ దూరాన కూర్చునే తుడిచేసింది. డబ్బు వాపసు ఇచ్చింది, తర్వాత క్షమాపణ చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు, కొన్న పుస్తకాలు కూడా దుకాణంతోపాటే పోయాయి. కొన్నవాడు ఆసామి కాడు, కౌలుదారు. కౌలుచీటీ కూడా దొరగారి పెట్టెలోనే ఉంది.

మిత్రులు ఇక్కడ నన్ను నిలదీయవచ్చు. అప్పుచేసి అచ్చువేయించుకున్న కథాసంపుటి వారం తిరక్కుండా ఫోన్లలో ఉచితంగా తిరుగుతుంటే రచయిత గతేమిటి? న్యాయమైన ప్రశ్నే. పుస్తకం దొంగిలించి పంచడం అభ్యుదయం కాదు. శ్రమకు ప్రతిఫలం అడగడం మన సిద్ధాంతానికి విరుద్ధమూ కాదు. అయితే తాళం ఆ దొంగను ఆపుతున్నదా? 2000 మార్చిలో స్టీఫెన్ కింగ్ నవలికను గూఢలిపిలో బిగించి అమ్మితే కొద్దిరోజుల్లోనే ఛేదించారు. ఒక్కడు ఛేదిస్తే చాలు, వెయ్యిమందికి తాళం లేని ప్రతి అందుతుంది. డబ్బు కట్టినవాడికి మాత్రం తాళం మిగులుతుంది. 2012లో టోర్ అనే ప్రచురణ సంస్థ తన ఈ-పుస్తకాలన్నిటికీ తాళాలు తీసేసింది. ఏడాది తర్వాత, చౌర్యం చెప్పుకోదగినంతగా పెరగలేదని తానే ప్రకటించింది.

మన దేశంలో 2012 సవరణ తాళానికి చట్టరక్షణ ఇచ్చింది. హక్కును ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఉద్దేశాన్ని లెక్కలోకి తీసుకోవడం అమెరికా చట్టం కంటే మెరుగే. అదే సవరణ వికలాంగులకు అనువైన రూపంలోకి రచనను మార్చుకోవచ్చునని కూడా అన్నది. అంధపాఠకుల కోసం 2013లో కుదిరిన మరకేష్ ఒడంబడికను 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే. గర్వించదగ్గదే. కాని హక్కు ఇచ్చిన చట్టం, ఆ హక్కుదారుకు తాళంచెవి ఇచ్చితీరాలని ప్రచురణకర్తను శాసించలేదు. కాగితం మీద తలుపు తెరిచి ఉంది, ఇంటి ముందు తాళం వేలాడుతున్నది.

ఈ ఖాళీని పూడ్చవలసింది శాసనకర్తలు మాత్రమే కాదు, మనం కూడా. ఒప్పందపత్రం మీద సంతకం చేసేటప్పుడు మనలో ఎందరం ఈ-పుస్తకం గురించిన వాక్యం చదువుతున్నాం? నా పుస్తకాన్ని యంత్రస్వరం చదవనివ్వాలి, గ్రంథాలయానికి తాళం లేని ప్రతి ఒకటి ఇవ్వాలి అని ఎందరం రాయించుకుంటున్నాం? మన పేర వేసిన తాళం గురించి మనకే తెలియకపోతే, అది మన రక్షణ ఎలా అవుతుంది?

మా విద్యార్థి సంగతి చెప్పి ముగిస్తాను. చివరికి ఆ సంపుటిని నేనే సాయంత్రాలు కూర్చుని చదివి ఫోనులో రికార్డు చేసి ఇచ్చాను. చట్టం దానికి అనుమతిస్తుంది. పదకొండు సాయంత్రాలు పట్టింది. అన్నీ విన్నాక అతను ఒక్కటే అడిగాడు: "ఈ రచయితకు నాబోటివాడు తన కథలు వినడం ఇష్టం లేదా సార్?"

ఆ రచయితకు తాళం సంగతే తెలియదని నా నమ్మకం. ఆ మాట అతనితో చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు.