పసివాళ్ల కోసం పెద్ద చదువు

పెదపారుపూడి, పామర్రు వైపు పల్లెల్లో రెండేళ్లు నిండినా బిడ్డకు మాటలు రాకపోతే ‘వాళ్ల నాన్నకూ లేటుగానే వచ్చాయిలే’ అని సర్దిచెబుతారు. ఒక్కోసారి అది నిజమే. నిజం కానప్పుడు మాత్రం మెదడు చురుగ్గా ఎదిగే కాలమంతా చేజారిపోతుంది. ఆ కాలాన్ని కాపాడటం కూడా ఒక విద్యేననీ, దానికి డిగ్రీలూ పీజీలూ చదివిన మనుషులు కావాలనీ మన నేలమీద స్థిరపరచిన సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. 1984లో పుట్టిన ఆ జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఎన్.ఐ.ఎం.హెచ్.) నలభై ఏళ్లు దాటింది.

ఐక్యరాజ్యసమితి 1981ని వికలాంగుల సంవత్సరంగా పాటించిన ఊపులో దేశంలో జాతీయ సంస్థలు వెలిశాయి. బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968 నుంచే పనిచేస్తోంది. పిల్లలున్నారు, వాళ్లకు చెప్పడం నేర్చిన టీచర్లే కరువు. కొత్తగా వచ్చిన ఎన్.ఐ.ఎం.హెచ్. ఆ లోటు మీద దృష్టి పెట్టింది. 1992 పునరావాస మండలి చట్టంతో ఈ పని చేసేవాళ్లకు గుర్తింపు పొందిన చదువు, రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యాయి.

శిక్షణకు పుస్తకాలూ ఇక్కడే తయారయ్యాయి. జయంతీ నారాయణ్, త్రేసియాకుట్టి 1989లో పూర్వ ప్రాథమిక దశ శిక్షకుల కోసం చేతిపుస్తకం రాశారు. రీటా పెషావరియా, వెంకటేశన్ 1992లో ఇచ్చిన ‘బేసిక్ ఎం.ఆర్.’ కొలమానంలో 7 రంగాల కింద 280 నైపుణ్యాలున్నాయి. ‘వీడికేమీ రాదు’ అనే మాటను పక్కనపెట్టి, ఏది వచ్చు, ఏది సాయంతో వచ్చు, తర్వాత ఏది నేర్పాలి అని టీచరు రాసుకునే పద్ధతి అది.

నేర్పే తీరుకు నిక్కరు తొడుక్కోవడమే ఉదాహరణ. పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీస్తారు. మోకాళ్లు దాటించి తుంటిదాకా టీచరే లాగి, చివరి లాగుడు పిల్లవాడికి వదులుతారు. పని పూర్తిచేసిన సంతోషం వాడిదవుతుంది. అది కుదిరాక దాని ముందు మెట్టు. ఇలా వెనకనుంచి ముందుకు నడవడం తేలికగా కనిపిస్తుంది గాని, ఒక్కో బిడ్డకు మెట్టు ఎంత ఎత్తుండాలో తేల్చడానికే చదువు కావాలి.

తర్వాత ప్రత్యేక విద్యలో బీఈడీ, ఎంఈడీలతో పాటు శైశవంలోనే జోక్యానికి పీజీ డిప్లొమా వచ్చింది. ప్రత్యేక విద్య, ఫిజియోథెరపీ, మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లు ఒకే బిడ్డ చుట్టూ కూర్చుని నేర్చుకునే చదువది. పుట్టగానే ఏడవని బిడ్డను, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను బడి ఈడు దాకా ఆగకుండా చూడాలన్నది దాని సారం. ఇప్పుడు ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి.గా పేరు మారిన ఈ సంస్థలోనూ, నెల్లూరులోని ప్రాంతీయ కేంద్రంలోనూ, 2021లో దేశవ్యాప్తంగా తెరిచిన 14 సత్వర జోక్య కేంద్రాల వరుసలో సేవలు మొదలయ్యాయి.

మా వైపు గుడివాడ నుంచి సికింద్రాబాదూ, నెల్లూరూ రెండూ దూరమే. కూలి మానుకుని, బిడ్డను చంకనేసుకుని వారం వారం వెళ్లడం తల్లులకు సాగే పనికాదు. మన దగ్గర ప్రత్యేక అవసరాల పిల్లల భవిత కేంద్రాలు ఎక్కువగా బడి పిల్లలవి; పసివాళ్లను ముందుగా చూసేది అంగన్‌వాడీ టీచరు. దివ్యాంగ శిశువుల కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో అంగన్‌వాడీ ప్రోటోకాల్ కూడా తెచ్చింది. కాగితం మీదున్నది ఆమె చేతికి రావాలంటే పక్కన నిలబడి చూపించేవాళ్లుండాలి.

అందుకే సంస్థ నలభై ఏళ్లు దాటిన ఈ వేళ ఒక కోరిక: అక్కడి పీజీ విద్యార్థుల ప్రాక్టికల్స్‌లో కొన్ని వారాలు పెదపారుపూడి లాంటి మండలాల అంగన్‌వాడీలకు కేటాయించాలి. వాళ్లకు పల్లె ఇల్లు తెలుస్తుంది, టీచరమ్మకు పని తెలుస్తుంది. 2034లో స్వర్ణోత్సవం జరిగేనాటికి ఎందరికి పట్టాలిచ్చారన్న లెక్కతో పాటు, ఎన్ని మండలాలకు ఆ చదువు చేరిందన్న లెక్కా వేదిక మీద చదవాలి.