మారిషసు రూపాయి

ఈ సాయంకాలము నేను మీకొక రూపాయి కథ చెప్పదలచితిని. అది మన రూపాయి కాదు. కాని మన దేశపు కూలీలు లేకున్న అది పుట్టియుండెడిది కాదు.

మడగాస్కరునకు తూర్పున, హిందూమహాసముద్రమున మారిషసు అను చిన్న ద్వీపరాజ్యము కలదు. అచ్చటి నాణెమునకు నేటికిని రూపాయి యనియే పేరు. ఆ రూపాయి బిళ్లకు ఒకవైపున ఆ దేశపు తొలి ప్రధానమంత్రి శివసాగర్ రామ్‌గులామ్ ముఖమును, రెండవవైపున డోడో పక్షియు జింకయు గల రాజ్యచిహ్నమును ఉండును. ఆ ప్రధాని తండ్రి బీహారునుండి కూలిపనికై ఓడ నెక్కి వచ్చినవాడు. నా కథ యంతయు ఆ బిళ్లమీదనే కలదని చెప్పవచ్చును.

ఒక దేశపు నాణెము మరియొక దేశమునకు సాధారణముగా రెండు త్రోవలను పోవును: ఒకటి దండయాత్ర, రెండవది వర్తకము. మారిషసును మన రాజు లెవ్వరును జయింపలేదు. 1638లో డచ్చివారు అచ్చట నివాస మేర్పరచుకొని 1710లో విడిచిపోయిరి. 1715లో ఫ్రెంచివారు పట్టుకొనిరి. 1810లో ఇంగ్లీషువారు గెలుచుకొనిరి. ఆ యేటనే ఫ్రెంచి గవర్నరు దెకాయెను, పట్టుబడిన పోర్చుగీసు ఓడలోని వెండిని కరగించి, తన పేర నాణెములు కొట్టించెను. ఇంగ్లీషువారి యేలుబడిలో డాలరు లెక్క యుండెను. ఇట్లు పలుదేశముల నాణెములు ఆ రేవులో కలగాపులగముగ చెల్లుచుండెను.

ఆ ద్వీపమునకు సర్వస్వము చెరకు. తొలుత ఆ పనిని ఆఫ్రికానుండియు మడగాస్కరునుండియు తెచ్చిన బానిసలు చేసిరి. 1835 ఫిబ్రవరి 1వ తేదీని అచ్చట బానిసత్వము రద్దయ్యెను. నష్టపరిహారముగ ఇరువదిలక్షల పౌనులకు పైబడిన ధనము దొరకినది బానిసలకు కాదు, వారి యజమానులకు! యజమానులు చవుకయైన క్రొత్త కూలీలకొరకు మన దేశమువైపు చూచిరి. 1834 నవంబరు 2వ తేదీననే ‘అట్లాసు’ అను ఓడలో ముప్పదియార్గురు భారతీయులు పోర్టులూయీ రేవున దిగియుండిరి. అది మొదలు ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములవరకు దాదాపు నాలుగున్నర లక్షలమంది ఆ రేవుమెట్లెక్కిరి.

వారిలో మన తెలుగువారును కలరు. కాకినాడకు చేరువనున్న కోరంగి ఆనాడు పేరుగన్న రేవు. 1839లో గొప్ప తుపాను ఆ రేవును నాశనము చేసినను అచ్చటి ఓడప్రయాణములు నిలువలేదు. 1843లో ‘కోరింగ ప్యాకెట్’ అను ఓడ తెలుగు కూలీలను మారిషసునకు చేర్చెను. ఆ ద్వీపమున తెలుగువారికి కోరంగీలనియే పేరు వచ్చెను. ఊరు విడిచిపోయినవారికి వారెక్కిన రేవు ఇంటిపే రయ్యెను.

ఇప్పుడు ఖర్చుల సంగతి విచారింతము. నేడు ద్వీపాంతరము పోగోరువాడు మొట్టమొదట అడుగునది, ‘టిక్కెట్టు ఎంత? అచ్చట మన రూపాయి కెంత వచ్చును?’ అని. ఆనాటి కూలివానికి ఓడకూలి చేతినుండి పెట్టుకొనవలసిన పని లేదు. ఇది ధర్మముగ కనబడును. కాని లెక్క చూడుడు. మగకూలికి నెల కైదు రూపాయల జీతము, తిండిబియ్యము. అయిదేండ్ల ఒడంబడిక. తొలి ఒడంబడికలలో తిరుగుప్రయాణపు ఖర్చుకై ఆ అయిదు రూపాయలనుండియే నెల కొక రూపాయి పట్టియుంచెడివారు. అనగా కూలివాడు ఇంటికి మరలుటకై తన కష్టములో అయిదవవంతు ముందుగనే చెల్లించుచుండెను. ఒకనాడు పనికి రాకున్న రెండునాళ్ల కూలి కోసెడివారు. దీనికి ‘జంటకోత’ యని పేరు. జ్వరముతో మూలుగుచు గుడిసెలో పరుండినవానికి నెలాఖరున చేతికి వచ్చునది ఎంతయో మీరే ఊహింపుడు. పిమ్మట ఉచితముగ తిరిగిపంపు ఏర్పాటుకూడ తొలగిపోయెను. పోవుట కానియైనను అక్కరలేని ప్రయాణమునకు మరలివచ్చుట మాత్రము అందరాని వెలయయ్యెను. ఎందరో అచ్చటనే నిలిచిపోయిరి.

ఈ బాధలపై 1871లో అదోల్ఫు ద ప్లెవిత్సు అను తెల్లదొర ఒకడు 9,401 మంది పాతకూలీల చేవ్రాళ్లతో అర్జీ వ్రాసి పంపెను. దాని ఫలితముగ ఇంగ్లండునుండి విచారణసంఘము వచ్చెను.

ఇంతలో లక్షలకొలది కూలీల జీతములతోను, మన దేశమునుండి పోవు బియ్యపు వర్తకముతోను భారతదేశపు వెండిరూపాయి ఆ ద్వీపమున నిండిపోయెను. సంతలో కూరగాయలకును, అంగడిలో ఉప్పునకును అదియే చెల్లుబడి. ప్రభుత్వమువారు చూచిరి, మార్పజాలక 1876లో రూపాయినే తమ రాజ్యపు నాణెముగ శాసించిరి. ఇందొక విశేషము: మన రూపాయి నాడు పదునారు అణాలు, వారి రూపాయి మాత్రము నూరు సెంట్లు. పేరు కూలివానిది, లెక్క దొరలది!

ఆ రూపాయలనే కూలివారు కూడబెట్టిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివర పంచదార ధర పడిపోయి తోటల యజమానులు భూములను చిన్నచిన్న తునకలుగ అమ్మజూపినప్పుడు కొన్నవారిలో అనేకులు ఈ కూలీలే. పరుల చెరకు నరికిన చేతులు సొంత చెరకు నాటెను. ఇంటికి మరలుటకు చాలని డబ్బు ఇల్లు కట్టుకొనుటకు చాలినది.

ఆ రూపాయి చాలకాలము మన రూపాయికి సరిసమానముగ నడచెను. 1934లో దానిని ఇంగ్లీషు పౌనుకు ముడివైచిరి. 1966 జూనులో మన రూపాయి విలువను తగ్గించినప్పుడు అది తగ్గలేదు. అన్నదమ్ములు అక్కడ వేరుపడిరి. 1961లో ఆర్థికశాస్త్రజ్ఞుడు జేమ్సు మీడు ఆ దేశపు భవిష్యత్తును గూర్చి నిరాశయే వెలిబుచ్చెను. 1968 మార్చి 12వ తేదీని స్వాతంత్ర్యము వచ్చినపిదప వారు చెరకునకు తోడు బట్టల కర్మాగారములను, యాత్రికుల రాకను ఆధారము చేసికొని ఆ నిరాశను అబద్ధము చేసిరి.

ఆ దేశపు నోట్లపై ఇంగ్లీషు, తమిళము, హిందీ కలవు. 1998లో అచ్చొత్తిన నోట్లపై తమిళమును హిందీకి వెనుకకు త్రోయగా తమిళులు అభ్యంతరము చెప్పిరి. ఆ నోట్లను ఉపసంహరించి, పూర్వపు వరుసలోనే మరల అచ్చువేసిరి. అక్షరములలో తెలుగు లేదు. కాని 1946లో ఆంధ్రమహాసభను స్థాపించుకొని, ఉగాదిని అచ్చట ప్రభుత్వపు సెలవుదినముగ నిలుపుకొన్న మనవారు ఆ నోటులో లేకపోలేదు. మీలో ఎవరైన ఆ ద్వీపమునకు పోయినయెడల, డబ్బు మార్చుకొనువేళ ఆ రూపాయిని ఒక్కసారి చేతబట్టి చూడుడు. మీ టిక్కెట్టు వెల మీకు తెలియును. కోరంగివారు చెల్లించిన వెలను ఆ బిళ్ల మీకు జ్ఞప్తి చేయును.